ఆత్మ కాపురం ఎక్కడ? గుండెకూ మెదడుకూ పాత తగువు

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో పెద్ద ఆసుపత్రి ఐసీయూ ముందు నాలుగు రోజులు కూర్చున్నవాళ్ల చెవిన ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట పడే ఉంటుంది: "బ్రెయిన్ డెడ్ అంటున్నారు, కానీ గుండె కొట్టుకుంటోంది కదండీ!" రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన మనిషి. వెంటిలేటర్ మీద ఛాతీ లేస్తోంది, దిగుతోంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. మానిటర్ మీద గీత ఎగిరెగిరి పడుతోంది. డాక్టరు మాత్రం మనిషి లేడంటున్నాడు. ఇంటివాళ్లు దుఃఖంలో అర్థం చేసుకోలేకపోతున్నారని అనుకోవడం తేలిక. నిజానికి వాళ్లు అడుగుతున్నది కనీసం రెండున్నర వేల ఏళ్ల నాటి ప్రశ్న. ప్రాణం కాపురం ఉండేది గుండెలోనా, తలలోనా?

తెలుగు భాష ఈ తగువును ఎటూ తేల్చలేదు. భయపడితే గుండె జారుతుంది, కుదుటపడితే గుండె నిబ్బరమవుతుంది. తెలివి మాత్రం బుర్రలో ఉంటుంది, లేకపోతే అది మట్టిబుర్ర. బిడ్డ మీద ప్రేమ కడుపుతీపి, బిడ్డ దూరమైతే కడుపుకోత. కోపం అరికాలి నుంచి నెత్తికెక్కుతుంది. ఇక ప్రాణం ఒకచోట కుదురుగా ఉండదు. గొంతులో కొట్టుమిట్టాడుతుంది, కళ్లలోకి వస్తుంది, పోయిందనుకున్నాక లేచొస్తుంది. మనిషిని ఇలా వాటాలు వేయడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. గ్రీకు తత్వవేత్త ప్లేటో కూడా వివేకాన్ని తలలో, శౌర్యాన్ని ఛాతీలో, ఆకలినీ కోరికలనూ పొట్టలో పెట్టాడు. కింది వాటాల మురికి పైవాటాకు అంటకుండా మధ్యలో మెడ అడ్డుగా ఉందన్నాడు.

గుండెకు పట్టం ఎందుకు కట్టారు

ఇంద్రకీలాద్రి మీద గానీ, వీధి చివర రామాలయంలో గానీ హారతి అయ్యాక మంత్రపుష్పం చదువుతారు. అక్షింతలూ పూలూ చేతిలో పట్టుకుని నిలబడినవాళ్లలో ఎక్కువ మంది రాగాన్నే వింటారు. అందులో నారాయణ సూక్తం నుంచి వచ్చే పంక్తులు మాత్రం దాదాపు శరీర శాస్త్రం పాఠంలా ఉంటాయి. హృదయం తలకిందులైన తామర మొగ్గలా ఉంటుందట. కంఠానికి జానెడు కింద, బొడ్డుకు పైన దాని చోటు. దాని లోపల ఒక అగ్ని. ఆ అగ్ని మధ్యలో నివ్వరి ధాన్యపు ముల్లంత సన్నని జ్వాల. ఆ జ్వాల నడుమ పరమాత్మ. చోటు, ఆకారం, కొలత, అన్నీ చెప్పారు. కోసి గుండెను చూసినవాళ్లెవరికైనా తలకిందులైన మొగ్గ పోలిక నప్పుతుందనే అనిపిస్తుంది. మొన కిందికే ఉంటుంది మరి.

కఠోపనిషత్తు లోపలి పురుషుణ్ణి బొటనవేలంత అంది. ముంజగడ్డి నుంచి ఈనెను లాగినట్టు అతణ్ణి శరీరం నుంచి ఓపికగా వేరుచేసి తెలుసుకోవాలంది. గుండె నుంచి 101 నాడులు బయల్దేరుతాయనీ, వాటిలో ఒక్కటే నడినెత్తికి పోతుందనీ, ప్రాణం ఆ దారిన పోతే అమృతత్వమనీ, మిగతా దారులు వేరే చోట్లకనీ ఆ ఉపనిషత్తే చెబుతుంది. తైత్తిరీయం ఆ దారికి మైలురాళ్లు కూడా పాతింది. హృదయంలోని ఆకాశం నుంచి, అంగిట్లో చనుమొనలా వేలాడే దాని మీదుగా, అంటే మనం కొండనాలుక అనేదాని మీదుగా, జుట్టు పాయ విడిపోయే చోట కపాలాన్ని చీల్చుకుని బయటికి. పసిబిడ్డ మాడు మీద అమ్మమ్మలు ఆముదం పెట్టేది సరిగ్గా ఆ చోటే. వేలు పెడితే మెత్తగా, నాడి కొట్టుకుంటూ ఉండే ఆ భాగాన్ని చూసినవాళ్లకు అక్కడ ఒకప్పుడు తలుపు ఉండేదనీ, ఇప్పుడు మూసుకుపోతోందనీ తోచడంలో వింత లేదు. కపాలమోక్షం అన్న మాటకు పునాది ఇక్కడే ఉంది. గమనించాల్సింది ఏమిటంటే, ఈ పటంలో తల ఇల్లు కాదు, గుమ్మం మాత్రమే.

గుండెకు ఓటు వేసినవాళ్లను అమాయకులనుకోకూడదు. వాళ్లు చూసిన సాక్ష్యం బలమైనదే. అరిస్టాటిల్ కోడిగుడ్లను పొదుగుడు మొదలైన దగ్గర నుంచి రోజుకొకటి పగలగొట్టి చూశాడు. మూడో రోజుకు తెల్లసొనలో నెత్తుటి చుక్క ఒకటి ఎగిరెగిరి పడుతూ కనిపించింది. అదే గుండె. ప్రాణి ఒంట్లో ముందుగా కదిలేది అదే, ఆగిపోయినప్పుడు కథ ముగిసేదీ దానితోనే. భయానికి అది దడదడలాడుతుంది, సంతోషానికి ఉప్పొంగుతుంది. మెదడు అలా కాదు. చల్లగా, తడిగా, నెత్తురు లేనట్టు తెల్లగా ఉంటుంది. పైగా ముట్టుకుంటే దానికి స్పర్శే తెలియదు. అన్నింటినీ తెలుసుకునే ఆత్మ, తనను ముట్టుకున్నా తెలియని ముద్దలో ఎలా ఉంటుంది? అందుకే గుండె వేడిని చల్లబరిచే పని మెదడుకు అప్పగించి అరిస్టాటిల్ చేతులు దులుపుకున్నాడు. తర్కంలో పొరపాటు వెతికితే దొరకదు. ముట్టుకుంటే నొప్పి లేకపోవడం అన్న ఆ ఒక్క సాక్ష్యాన్నే తప్పుగా చదివాడు. దాని సంగతి మళ్లీ వస్తుంది.

ఈజిప్టువాళ్లు ఇంకా నిర్మొహమాటంగా పోయారు. శవాన్ని మమ్మీ చేసేటప్పుడు మెదడును తీసి పారేసి, గుండెను మాత్రం ఒంట్లోనే భద్రంగా ఉంచేవారు. పరలోకంలో మంచిచెడ్డలు తేల్చడానికి ఈకతో సరితూచాల్సింది గుండెనే కదా.

మన ఆయుర్వేదంలో సుశ్రుతుడు హృదయాన్ని చేతనా స్థానం అన్నాడు. నాలుగో నెలలో గర్భంలోని బిడ్డకు గుండె ఏర్పడుతుంది, దానితో చైతన్యం, దానితో కోరికలు. అప్పుడు తల్లి ఒంట్లో రెండు గుండెలు ఉంటాయి కాబట్టి ఆమె దౌహృదిని. చూలాలు పచ్చి మామిడికాయ అడిగితే ఆ కోరిక లోపలి బిడ్డదని, కాదనకూడదని పెద్దలు అనేదానికి మూలం ఇలాంటి లెక్కే. గర్భిణి కోరికను చెప్పే దోహదం అన్న మాట కూడా ఆ కుదురుకు చెందిందేనంటారు. ఇప్పుడది పేపర్లలో "రాజధాని అభివృద్ధికి దోహదం" దాకా వచ్చి ఆగింది. రెండు గుండెల తల్లి ఎక్కడ, రింగురోడ్డు ఎక్కడ!

చరకుడి దగ్గర మాత్రం కాస్త తటపటాయింపు కనిపిస్తుంది. చైతన్యానికి ఆధారం గుండే అంటూనే, ప్రాణాలూ ఇంద్రియాలన్నీ ఆశ్రయించి ఉన్న చోటు కాబట్టి తల ఉత్తమాంగం అన్నాడు. భేల సంహిత ఇంకో అడుగు వేసి, మనసు శిరస్సుకూ అంగిలికీ మధ్య ఉంటుందని, చిత్తం గుండెలో ఉంటుందని పంచేసింది. వైద్యం చేసేవాళ్లకు తలకు దెబ్బ తగిలినవాళ్లు రోజూ ఎదురవుతారు. తత్వం చెప్పేవాళ్లకు అంతగా ఎదురుకారు. తేడా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

పంది కీచుమనడం ఆగిన రోజు

మెదడు పక్షం కూడా పాతదే. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో హిపోక్రటీస్ పేరిట చెలామణీ అయిన ఒక గ్రంథం మూర్ఛ వ్యాధిని తీసుకుంది. దేవుడు పూనితే వచ్చే పవిత్ర వ్యాధి అని జనం అనుకునే ఆ జబ్బు మిగతా జబ్బుల కన్నా పవిత్రమైనదేమీ కాదని, అది మెదడులో పుడుతుందని ఆ గ్రంథం వాదం. నవ్వూ ఏడుపూ, సంతోషమూ దుఃఖమూ అన్నీ మెదడు నుంచే వస్తాయంది. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాల గుత్తి పెట్టడం మన బస్టాండుల్లో ఇంకా చూస్తూనే ఉన్నాం కాబట్టి, ఆ గ్రంథకర్త పని పూర్తికాలేదనే చెప్పాలి.

అలెగ్జాండ్రియాలో క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ అనే వైద్యులు మనుషుల శవాలను కోసి, నరాలు మెదడు నుంచి బయల్దేరడం చూశారు. గుండె పక్షంవాళ్లు తగ్గలేదు. స్టోయిక్ తత్వవేత్త క్రిసిప్పస్ తెచ్చిన వాదన తెలుగువాడికి బాగా తగులుతుంది. "నేను" అన్నప్పుడు మనిషి చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడు? ఛాతీ మీద. తల మీద పెట్టుకుని "నేను" అనేవాడు ఉంటాడా? పైగా మాట ఛాతీ నుంచి వస్తుంది, మాట వెనక ఆలోచన ఉంటుంది, కాబట్టి ఆలోచన ఉండేదీ ఛాతీలోనే.

దీనికి రెండో శతాబ్దపు రోమ్‌లో గాలెన్ అనే వైద్యుడు నలుగురి ముందు జవాబిచ్చాడు. బతికున్న పందిని కట్టేసి, దాని గొంతు పక్క నుంచి పోయే సన్నని నరాలను దారంతో బిగించాడు. పంది గింజుకుంటూనే ఉంది, కానీ కీచుమనడం ఆగిపోయింది. దారం వదిలితే మళ్లీ అరిచింది. ఊపిరితిత్తులు అక్కడే ఉన్నాయి, గుండె అక్కడే ఉంది. ఆగిందల్లా మెదడు నుంచి వచ్చే నరం పని. కాబట్టి గొంతు పలికేది ఛాతీ హుకుంతో కాదు. దయలేని ప్రయోగమే, కానీ ఆత్మ గురించి జరిగిన వాదనల్లో చూసి తేల్చుకోదగ్గ మొదటి రుజువుల్లో ఇదొకటి.

ఇంతా చేసి మెదడుకు పట్టం కట్టాక కూడా ఆత్మ మెదడు కండలో చేరలేదు, దాని లోపలి ఖాళీల్లో చేరింది. మెదడులో నీరు నిండిన గదులు ఉంటాయి. సన్నని వాయువులాంటి ఆత్మశక్తికి గదే కావాలి కానీ మెత్తని ముద్ద ఎందుకు? సిరియాలోని ఎమెసా నగరపు బిషప్పు నెమీసియస్ 400 ప్రాంతంలో వాటాలు వేశాడు: ముందు గదిలో ఊహ, మధ్య గదిలో బుద్ధి, వెనక గదిలో జ్ఞాపకం. ఈ మూడు గదుల ఇల్లు యూరప్‌లోనూ అరబ్బుల దగ్గరా వెయ్యేళ్లకు పైగా నిలబడింది. మెదడు అడుగున ఒక అద్భుతమైన రక్తనాళాల వల ఉందని, అక్కడే ప్రాణవాయువు ఆత్మవాయువుగా వడకట్టబడుతుందని గాలెన్ చెప్పింది కూడా అన్నాళ్లూ నడిచింది. ఆ వల గొర్రెలకూ పశువులకూ ఉంటుంది, మనిషికి లేదు. 1543లో వెసాలియస్ అనే వైద్యుడు తాను కోసిన శవాల్లో అది కనిపించలేదని అచ్చు వేశాడు. పదమూడు శతాబ్దాల పాటు మనుషుల ఆత్మ గొర్రె రక్తనాళాల్లో తయారైందన్నమాట.

దొంగను తూచిన దొర

అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ స్తూపాల వల్ల కృష్ణా తీరానికి బాగా పరిచయమైన బౌద్ధంలో ఒక కథ ఉంది. పాళీ దీఘనికాయంలోని పాయాసి సుత్తం. శేతవ్య అనే ఊరి దొర పాయాసికి పరలోకం మీదా జీవుడి మీదా నమ్మకం లేదు. నమ్మకం లేదని ఊరుకోలేదు, పరీక్షలు చేయించాడు. మరణశిక్ష పడ్డ దొంగను బతికుండగానే పెద్ద కుండలో పెట్టి, మూతి తోలుతో బిగించి, మట్టి మెత్తి, పొయ్యి మీద పెట్టించాడు. చచ్చాడనుకున్నాక మెల్లగా మూత తీయించి జీవుడు బయటికి పోతాడేమోనని చూశాడు. ఏమీ కనిపించలేదు. ఇంకో దొంగను బతికుండగా తూచి, ఒంటికి గాటు పడకుండా వింటినారితో గొంతు బిగించి చంపి, మళ్లీ తూయించాడు. చర్మం, మాంసం, నరం, ఎముక ఒక్కొక్కటే కోయించి వెతికించాడు. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ ప్రశ్నను త్రాసులో పెట్టాలన్న ఆలోచన మాత్రం ఆ కాలానికి మహా సాహసం.

త్రాసు ఏం చెప్పింది? బతికున్నప్పుడు మనిషి తేలిగ్గా, మెత్తగా ఉన్నాడు. చచ్చాక బరువెక్కి, బిగుసుకుపోయాడు. జీవుడు పోయాక బరువు తగ్గాలి గానీ పెరగడమేమిటని పాయాసి నిలదీస్తాడు. పాడె మోసినవాళ్లెవరినడిగినా శవం బరువెక్కుతుందనే అంటారు. బతికున్న మనిషిని ఎత్తితే అతని ఒళ్లు మనకు సాయపడుతుంది, మెడ నిలబెడతాడు, చెయ్యి మెడకు చుడతాడు. శవం అలా సాయపడదు. బరువు అంతే ఉంటుంది, మోతే ఎక్కువవుతుంది. సుత్తంలో త్రాసు నిజంగా కిందికి దిగిందా, మోసినవాళ్ల భుజాలే త్రాసుగా మారాయా అన్న అనుమానం రాక మానదు.

పాయాసికి జవాబిచ్చిన భిక్షువు కుమార కస్సపుడు. ఎర్రగా కాలిన ఇనుప గుండు చల్లారిన గుండు కన్నా తేలిగ్గా, మెత్తగా ఉన్నట్టే ఇదీ అంటాడు. ఈ పోలిక తూకానికి నిలవదు. శంఖం కథ మాత్రం బాగుంటుంది. ఒక మారుమూల పల్లెకు శంఖం ఊదేవాడు వచ్చాడు. ఆ నాదం విని మురిసిపోయిన ఊరివాళ్లు, అతను కింద పెట్టాక శంఖాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చేత్తో తట్టి, కర్రతో కొట్టి "పలకవే శంఖమా" అన్నారు. పలకలేదు. మనిషి, ప్రయత్నం, గాలి కలిస్తేనే కదా శంఖం పలికేది. నిప్పు ఆరిపోతే రాపిడి కర్రను పేళ్లుపేళ్లుగా చీల్చి నిప్పు కోసం వెతికిన కుర్రాడి కథ కూడా అలాంటిదే. పాయాసి తప్పు నమ్మకంలో లేదు, వెతికే పద్ధతిలో ఉందని కస్సపుడి వాదం. ఇందులో ఒక తమాషా ఉంది. నిత్యమైన ఆత్మ లేదన్న బౌద్ధుడే ఇక్కడ పరలోకం తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు.

అమెరికాలో డంకన్ మెక్‌డూగల్ అనే డాక్టరు ఇదే ప్రయోగాన్ని, ఈసారి ఎవరినీ చంపకుండా, చేసి 1907లో ప్రకటించాడు. చావుకు దగ్గరైన ఆరుగురు రోగులను త్రాసు మీద అమర్చిన మంచాల్లో పడుకోబెట్టాడు. మొదటి మనిషి పోయిన క్షణంలో ముప్పావు ఔన్సు తగ్గిందన్నాడు. 21 గ్రాములన్న మాట పుట్టింది అక్కడే. మిగతావాళ్ల లెక్కలు ఒకదానితో ఒకటి కలవలేదు, ఇద్దరి ఫలితాలను ఆయనే పక్కన పెట్టాడు. 15 కుక్కల మీద చేస్తే ఏ తేడా రాలేదు, కాబట్టి వాటికి ఆత్మ లేదని తేల్చాడు. పాయాసి త్రాసులో చచ్చాక బరువు పెరిగింది, మెక్‌డూగల్ త్రాసులో తగ్గింది. ఇద్దరిలో పాయాసే నిజాయితీపరుడేమో. అనుకున్న జవాబు రాకపోయినా, వచ్చిందే చెప్పాడు.

తాంబూలం, దీపం, గంధపు చుక్క

ఆత్మ వేరే లేదు, శరీరంలోంచే చైతన్యం పుడుతుందన్న చార్వాకుల ఉపమానం ప్రతి తెలుగింట్లోనూ ఉంది. తమలపాకు ఆకుపచ్చ, వక్క గోధుమ రంగు, సున్నం తెలుపు. మూడింట్లో ఎందులోనూ ఎరుపు లేదు. కలిపి నమిలితే నోరు పండుతుంది. అలాగే మట్టి, నీరు, నిప్పు, గాలి ఒక తీరున కలిస్తే చైతన్యం పుడుతుంది. పొన్నూరు వైపు తమలపాకు తోటల్లో పనిచేసేవాళ్లకు ఇంత కన్నా బాగా చెప్పే పాఠం ఉండదు. దీనికి ఎదుటివాళ్లు అడిగిన ప్రశ్న కూడా పదునైనదే: నోరు పండటాన్ని చూసేవాడు ఒకడున్నాడు, చైతన్యం పుట్టడాన్ని చూసేదెవరు?

ఆత్మ ఉందన్నవాళ్లలో మాత్రం దాని కొలత మీద ఎప్పుడూ ఏకాభిప్రాయం లేదు. జైనులు జీవుడు ఒంటికి సరిపడా వ్యాపిస్తాడన్నారు. చిన్న గదిలో పెట్టిన దీపం చిన్న గదినీ, పెద్ద గదిలో పెడితే పెద్ద గదినీ నింపినట్టు, చీమలో చీమంత, ఏనుగులో ఏనుగంత. రామానుజుల మతంలో జీవుడు అణువంత, గుండెలో ఉంటాడు. అయితే కాలి వేలికి ముల్లు గుచ్చుకుంటే ఎలా తెలుస్తుంది? ఒక చోట పూసిన గంధపు చుక్క ఒళ్లంతా చల్లబరిచినట్టు అని బ్రహ్మసూత్రాల్లోనే జవాబు ఉంది. న్యాయ దర్శనం చెప్పే నైయాయికులు ఆత్మను సర్వవ్యాపి చేసి, మనసును అణువు చేశారు. ఒకేసారి రెండు విషయాలు తెలియకపోవడమే మనసు అణువనడానికి గుర్తు అన్నారు. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడేవాళ్లు ఈ సూత్రాన్ని బందరు రోడ్డు మీద రోజూ రుజువు చేస్తున్నారు.

ముడి పడే చోటు

1649లో ఫ్రెంచి తత్వవేత్త రెనె దెకార్త్ ఆత్మకు మెదడులో కచ్చితమైన చిరునామా ఇచ్చాడు. మెదడు మధ్యలో బఠాణీ గింజ కన్నా చిన్నదైన పీనియల్ గ్రంథి. మెదడులో మిగతావన్నీ కుడి ఎడమలుగా జంటలుగా ఉన్నాయి, ఇదొక్కటే ఒంటరి అన్నాడు. రెండు కళ్లతో చూసినా ఒకే బొమ్మ కనిపిస్తుంది కాబట్టి, రెండూ కలిసే చోటు ఒకటి ఉండాలి. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీ కోత గదిలో ఇన్నేళ్లుగా ఎందరో మొదటి సంవత్సరం పిల్లలు ఆ గ్రంథిని వెతికి పట్టుకున్నారు. అది జంతువులకూ ఉంటుంది, దెకార్త్ లెక్కలో జంతువులకు ఆత్మ లేదు. చిరునామాలో ఇబ్బంది అక్కడే మొదలైంది.

అసలు చిక్కు చిరునామాది కాదు. 1643లోనే బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకు ఉత్తరం రాసింది. ఆత్మకు పొడవూ వెడల్పూ లేవంటావు. ఒక వస్తువు ఇంకో వస్తువును కదిలించాలంటే తాకాలి, నెట్టాలి. తాకడానికి ఒళ్లే లేనిది నా చేతిని ఎలా లేపుతుంది? దెకార్త్ బరువు పోలిక తెచ్చాడు. రాయి బరువు రాయిని కిందికి లాగుతుంది, కానీ బరువు రాయికి తగిలి నెట్టడం లేదు కదా అన్నాడు. ఆమెకు నచ్చలేదు. ఒళ్లు లేనిది ఒళ్లును కదిలిస్తుందని ఒప్పుకోవడం కన్నా ఆత్మకే ఒళ్లుందని ఒప్పుకోవడం తేలికని తిరిగి రాసింది. ఈ ఉత్తరాల్లో గెలిచింది ఆమే.

ఎలిజబెత్ పట్టుకున్న ముడికి రెండో కొస బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడి దగ్గర దొరుకుతుంది. గుంటూరుకూ విజయవాడకూ మధ్య హైవే పక్కన ఆయన పేరిట విశ్వవిద్యాలయం ఉంది, బస్సులో పోయేవాళ్లకు ఆ పేరు స్టాపుగానే తెలుసు. మూలమధ్యమకకారికలో ఆయన అన్నది రెండే ముక్కలు. ఆత్మ అంటే ఈ దేహమూ మనోవ్యాపారాలే అయితే, వాటితో పాటే అదీ పుట్టి పోతూ ఉండాలి. వాటి కన్నా వేరైతే, వాటి లక్షణం ఒక్కటీ దానికి ఉండకూడదు. ఒకటే అంటే నిత్యం కాదు, వేరు అంటే పనికిరాదు. చోటు మెదడా గుండెనా అని తేల్చినంత మాత్రాన ఈ కత్తెర విడవదు. గుండె దగ్గర ఉన్న చిక్కే మెదడు దగ్గరకూ సామాను సర్దుకుని వచ్చింది.

ఆ తర్వాత మెదడు గెలుస్తూ పోయింది. 1664లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు గదులను వదిలేసి మెదడు కండ మీదే దృష్టి పెట్టాడు. 1848లో అమెరికాలో ఫినియస్ గేజ్ అనే రైల్వే పని మేస్త్రీ తలలోంచి ఆరు కిలోల ఇనుప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ నెమ్మదస్తుడు కాస్తా నోటి దురుసు మనిషి అయ్యాడు, ఇతను గేజ్ కాదని స్నేహితులు అన్నారు. గుణం అన్నది ఆత్మదైతే కడ్డీ దాన్ని ఎలా మార్చింది? 1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు, ఒకే ఒక్క ముక్క తప్ప ఏ మాటా రాని రోగి మెదడును అతను చనిపోయాక కోసి, ఎడమవైపు ముందు భాగం పాడవడం చూశాడు. ముందు మాట పోయింది, తర్వాత గుణం, జ్ఞాపకం, భయం ఒక్కొక్కటీ ఆత్మ ఇంట్లోంచి మెదడు ఖాతాకు బదిలీ అయ్యాయి. 1940లో ముదునూరులో మొదలై 1947లో విజయవాడకు వచ్చిన నాస్తిక కేంద్రంలో గోరా వంటివాళ్లకు ఆత్మ అన్న మాటే అనవసరం. పటమట వైపు వాదనకు కూర్చునేవాళ్లలో ఈ పక్షం ఇప్పటికీ బలంగానే ఉంది.

అరిస్టాటిల్ తప్పు చదివిన సాక్ష్యం సంగతి ఇప్పుడు. మెదడుకు నొప్పి తెలియదు, నిజమే. అందుకే పుర్రె తెరిచి, మనిషి మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేయవచ్చు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్ ఇలా మెలకువగా ఉన్న రోగుల మెదడును చిన్న కరెంటుతో తాకితే చెయ్యి కదిలింది, ఎప్పుడో విన్న పాట వినిపించింది. కదిలిన చేతిని చూసి రోగులు "ఇది నేను చేయలేదు, మీరు చేశారు" అన్నారు. నేను అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో కరెంటు పుల్లకు దొరకలేదు. పెన్‌ఫీల్డ్ చివరికి మనసును మెదడుతో పూర్తిగా వివరించలేమనే వైపు మొగ్గాడు. గుంటూరులో కూడా ఇలాంటి ఆపరేషన్లు జరిగాయి. 2017లో బాహుబలి రెండో భాగం చూపిస్తూ పేషెంటు మెదడులోంచి గడ్డ తీశారన్న వార్త దేశమంతా తిరిగింది. మాహిష్మతి యుద్ధం చూస్తున్న కళ్ల వెనక కత్తెర పనిచేస్తోంది. చూసేవాడు మాత్రం ఎప్పటిలాగే సినిమాలో ఉన్నాడు.

మళ్లీ ఐసీయూ ముందుకు. గుండెకు సొంత మీట ఉంది. అందులోని చిన్న కణాల గుంపు తనంత తాను విద్యుత్తు పుట్టించుకుంటుంది. ఆక్సిజన్ అందితే చాలు, మెదడు హుకుం అక్కర్లేదు. అందుకే మెదడు కాండం, అంటే మెదడు అడుగున ఉండి ఊపిరిని నడిపే భాగం, చచ్చిపోయాక కూడా వెంటిలేటర్ మీద గుండె కొంతకాలం ఆడుతుంది. అందుకే దాన్ని పెట్టెలో పెట్టి, ట్రాఫిక్ ఆపి, గన్నవరం విమానాశ్రయానికి తీసుకెళ్లి ఇంకొకరి ఛాతీలో అమర్చగలుగుతున్నారు. అమర్చుకున్నవాడు ఇంటికెళ్లాక తన పెళ్లాం బిడ్డలనే గుర్తుపడతాడు, గుండె ఇచ్చినవాడి వాళ్లను కాదు. 1967లో మొదటి గుండె మార్పిడి జరిగింది, మరుసటి ఏడాదే హార్వర్డ్ కమిటీ మెదడు చావును చావుగా ఒప్పుకోవాలని నివేదిక ఇచ్చింది. రెండూ ఒకదాని వెంట ఒకటి రావడం కాకతాళీయం కాదు. గుండె చప్పుడు ఆగేదాకా ఆగితే, మార్చడానికి గుండె మిగలదు.

మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. కంటిపాపలు వెలుగుకు స్పందిస్తున్నాయా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తుందా, వెంటిలేటర్ తీస్తే తనంత తాను ఊపిరి పీల్చుకుంటాడా. ఏదీ లేకపోతేనే రాసిస్తారు. మరణించిన మనిషి అంటే ఎవరో ఆ చట్టమే నిర్వచించింది: జీవ లక్షణాలన్నీ శాశ్వతంగా పోయినవాడు, మెదడు కాండం మరణించడం వల్ల గానీ, గుండె ఊపిరి ఆగడం వల్ల గానీ. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో మాత్రం జీవ లక్షణాలు శాశ్వతంగా పోవడమనే ఉంది, ఏ అవయవం పేరూ లేదు. రెండున్నర వేల ఏళ్ల తగువుకు ఢిల్లీలో చట్టం రాసినవాళ్లు ఇచ్చిన తీర్పు ఆ ఒక్క "గానీ". ఐసీయూ తలుపు బయట ఛాతీ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ తల్లికి, కాగితం పట్టుకుని నిలబడ్డ డాక్టరుకు, ఇద్దరికీ ఆ మాటలో చోటుంది.